నిర్ధారణా? అంచనా? – దంతచిత్రాల ఆధారంగా వయసు లెక్కగట్టే శాస్త్రం: ఒక పరిభాషా విమర్శ

కీలకపదాలు: న్యాయవైద్యం, దంతచిత్రాలు, పరిభాష, ఈడు, కన్యాశుల్కం, వయో నిర్ధారణ.

వయసు తెలిపే పత్రం లేనప్పుడు న్యాయస్థానం వైద్యుణ్ణి అడుగుతుంది. వైద్యుడు ఎముకనో పంటినో చూసి సమాధానం ఇస్తాడు. ఈ ప్రక్రియకు తెలుగు పత్రికల్లోనూ చట్ట సంబంధమైన రచనల్లోనూ తరచుగా కనిపించే పేరు ‘వయో నిర్ధారణ పరీక్ష’. అయితే శాస్త్రం తాను నిర్ధారిస్తున్నానని చెప్పుకోదు. అంచనా వేస్తున్నానంటుంది, ఆ అంచనా ఎంతవరకు తప్పవచ్చునో కూడా చెబుతుంది. మూలశాస్త్రంలోని ఈ వినయం తెలుగు పరిభాషలోకి రాకపోవడం చిన్న లోపం కాదు. ఒక వ్యక్తిని బాలల న్యాయమండలికి పంపాలా, వయోజనుల న్యాయస్థానానికి పంపాలా అన్న ప్రశ్న ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

పళ్ళు లెక్కించే భాష

పంటిని చూసి వయసు చెప్పడం తెలుగువారికి కొత్త విద్య కాదు. 2022 దాకా కృష్ణా జిల్లాలోనూ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉన్న తిరువూరు మొదలుకొని గుంటూరు, ప్రకాశం జిల్లాల దాకా రైతు నోట వినిపించే ‘పాలపళ్ళ దూడ’, ‘రెండు పళ్ళ గిత్త’, ‘నాలుగు పళ్ళ గిత్త’, ‘ఆరు పళ్ళ గిత్త’ అన్నవి వయోవాచకాలే. ఎద్దుల బండలాగుడు పోటీల్లో విభాగాలను నేటికీ ఈ పేర్లతోనే ప్రకటిస్తారు. పశువుకు పైదవడలో కొరికే పళ్ళుండవు. కిందిదవడలో ఎనిమిదుంటాయి. సుమారు రెండేళ్ళ వయసు నుంచి అవి జంటలు జంటలుగా ఊడి, శాశ్వత దంతాలు వస్తాయి. జంటను లెక్కిస్తే చాలు, సంవత్సరం తెలుస్తుంది. పుట్టినతేదీ అక్కరలేని పద్ధతి ఇది. ఎద్దును అమ్మేవాడు అబద్ధమాడినా, దాని నోరు తెరిస్తే నిజం బయటపడుతుంది.

ఎనిమిది పళ్ళూ వచ్చేశాక ఈ లెక్క ఆగిపోతుంది. అక్కడి నుంచి రైతు చూసేది అరుగుదలను. అరుగుదల మేతను బట్టి, నేలను బట్టి మారుతుంది కాబట్టి అతని మాట కూడా మారుతుంది. ‘ఆరు పళ్ళు’ అన్నప్పుడున్న ధీమా తగ్గి, ‘ఉంటాయి ఏడెనిమిదేళ్ళు’ అన్న సందేహార్థకం వస్తుంది. లెక్కకూ అంచనాకూ మధ్య హద్దు ఎక్కడుందో పామర వ్యవహారం ఇలా గుర్తించింది. పండిత పరిభాష గుర్తించలేదు.

మనిషి విషయంలోనూ హద్దు అక్కడే ఉంది. ఆరో ఏట మొదటి శాశ్వత దవడపన్ను, పన్నెండో ఏట రెండోది, పదిహేడు నుంచి ఇరవయ్యొకటి మధ్య మూడోది వస్తాయి. 1973లో దెమిర్జియన్ బృందం ఎడమవైపు కిందిదవడలోని ఏడు పళ్ళ ఎదుగుదలను ఎనిమిది దశలుగా విభజించి పిల్లల వయసు లెక్కగట్టింది. మూడో దవడపన్ను వేరు మూసుకున్నాక ఎదుగుదల ముగుస్తుంది. ఇక మిగిలింది క్షయమే. 1950లో గుస్తాఫ్సన్ పంటి అరుగుదల, చిగురు దిగజారడం, లోపలి దంతధాతువు పేరుకోవడం, వేరు పారదర్శకం కావడం మొదలైన ఆరు మార్పులను లెక్కలోకి తీసుకున్నాడు. కాని ఆ పద్ధతికి పన్ను పీకి, కోసి చూడాలి. జీవించి ఉన్నవారికి అది పనికిరాదు.

ఎక్స్‌రే ఆ ఇబ్బందిని తొలగించింది. వయసు పెరిగేకొద్దీ పంటి లోపలి గోడలపై ద్వితీయ దంతధాతువు పేరుకొని, నరాలూ రక్తనాళాలూ ఉండే గుహిక ఇరుకవుతుంది. ఆ గుహికకూ పంటికీ ఉన్న నిష్పత్తే వయసుకు సూచిక. 1995లో క్వాల్ బృందం పొడవు వెడల్పులతోనూ, 2004లో కామెరియెరె బృందం కోరపంటి వైశాల్యంతోనూ దీన్ని కొలిచారు. కోన్ బీమ్ సీటీ చిత్రాలు వచ్చాక ఘనపరిమాణాన్నే కొలవడం సాధ్యమైంది. కోరపన్నును ఎంచుకోవడానికి కారణాలున్నాయి: దానికి వేరు ఒకటే, గుహిక పెద్దది, ముసలితనంలోనూ చాలామందికి మిగిలే పన్ను అది.

ఇటలీ సూత్రాన్ని మనవారికి అలాగే వాడవచ్చునా అన్న ప్రశ్నకు 2010లో ధార్వాడ పరిశోధకులు భారతీయులకు ప్రత్యేక సూత్రాన్ని ప్రతిపాదించారు. పద్దెనిమిది దాటిందా లేదా తేల్చడానికి కామెరియెరె మూడో దవడపంటికి నిర్ణయించిన 0.08 అనే అవధిని హైదరాబాదులోని పాణినీయ దంతవైద్య కళాశాల పరిశోధకులు దక్షిణ భారతీయులపై పరీక్షించి 2017లో ప్రకటించారు. (వైయాకరణుని పేరు మోస్తున్న కళాశాల నుంచి దంతపరిశోధన రావడం తెలుగు అధ్యాపకులకు ముచ్చటగొలిపే విషయమే.) ఏ సూత్రమైనా ఒక జనసమూహపు సగటు. సూత్రం సగటు వైపే లాగుతుంది కాబట్టి చిన్నవారి వయసు ఎక్కువగానూ పెద్దవారి వయసు తక్కువగానూ తేలుతుంది.

ఈడు, ఏడు

తెలుగులో వయసును చెప్పే పదాల్లో ‘ఈడు’ విలక్షణమైనది. ‘ఈడు వచ్చింది’, ‘ఈడేరింది’, ‘ఈడూ జోడూ’ అన్న ప్రయోగాల్లో ఒక్క సంఖ్య కూడా లేదు. అది శరీరం చేరుకున్న ఒక స్థితి, సమాజం అంగీకరించిన ఒక గడప. ‘ఏడు’ మాత్రం సంఖ్యను కోరుతుంది. అందులోనూ ‘అయిదో ఏడు నడుస్తోంది’ అనడానికీ ‘అయిదేళ్ళు నిండాయి’ అనడానికీ ఏడాది తేడా ఉంది.

ఈ తేడాను కన్యాశుల్కం విమర్శకులు పట్టించుకోవలసి ఉంది. 1897 నాటి తొలి కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ విశాఖ మండలపు శుల్క వివాహాల జాబితాను ప్రస్తావించాడు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. వాటిలో వధువుకు అయిదేళ్ళున్నవి 99, ఒక ఏడాది వయసున్నవి 3. సంఘసంస్కరణ చర్చల్లో ఈ అంకెలు పదేపదే కనిపిస్తాయి. ఆ అయిదేళ్ళు నిండినవా, నడుస్తున్నవా అన్న ప్రశ్న మాత్రం కనిపించదు. మద్రాసు రాష్ట్రపు జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1899లో. అంటే అంతకుముందరి ఆ జాబితాకు ఆధారం ఇంటివారి మాటే అయివుండాలి. ఇందువల్ల గురజాడ వాదం బలహీనపడదు. ఒక ఏడాది అటో ఇటో అయినంత మాత్రాన శిశువు వధువు కాదు. కాని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం సాహిత్య విమర్శకు కూడా విధి.

ఇంటివారి మాట స్థానాన్ని తరువాత బడి ఆక్రమించింది. ‘దివిసీమ ఉప్పెన ఏడాది పుట్టాడు’ అని తల్లి చెబితే, ఉపాధ్యాయుడు జూలై 1 వంటి అనువైన తేదీ వేసుకొన్న సందర్భాలు గ్రామాల్లో అందరూ ఎరిగినవే. 2015 నాటి బాలల న్యాయచట్టం 94వ సెక్షన్ ప్రకారం బడి లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రానిది మొదటి స్థానం, పురపాలక, పంచాయతీ జనన పత్రాలది రెండోది, అవేవీ లేనప్పుడే వైద్యపరీక్ష. పత్రంలోని తేదీ ఒక్కరోజు కూడా తేడా లేనంత కచ్చితంగా ఉంటూనే అబద్ధం కావచ్చు. పంటి సాక్ష్యం ఏళ్ళ తేడాతో అస్పష్టంగా ఉంటూనే నిజాయితీగా ఉండవచ్చు. ‘నిర్ధారణ’ అన్న మాట ఈ రెంటి భేదాన్నీ చెరిపేస్తుంది.

ఎవరి క్రియ?

94వ సెక్షన్ శీర్షికలోని ఆంగ్లపదానికి ‘నిర్ధారణ’ సరైన అనువాదమే కదా అన్న ఆక్షేపణ రావచ్చు. సరైనదే. కాని అక్కడ నిర్ధారించే కర్త న్యాయమండలి. వైద్యుడు అందించేది ఆ నిర్ధారణకు అవసరమైన అంచనా. కర్తలు ఇద్దరు, క్రియలు రెండు. తెలుగు వ్యవహారం రెంటినీ ఒకే పదంలో కలిపి, న్యాయాధికారి పనిని వైద్యుడి చేతిలో పెట్టింది.

1982లో జయమాల కేసులో సుప్రీంకోర్టు వైద్యులు చెప్పే వయసులో అటూ ఇటూ రెండేళ్ళ తేడా ఉండవచ్చునని గుర్తించింది. అది ఎముకల పరీక్షకు సంబంధించిన మాట. గుర్తు తెలియని నడివయసు శవం కోరపంటికి అదే రెండేళ్ళను అంటగట్టడం కుదరదు. అక్కడి తేడా అంతకు ఎన్నో రెట్లుంటుంది. ‘దంత వయో నిర్ధారణ’ అన్న ఒక్క శీర్షిక కింద పదిహేడేళ్ళ కుర్రవాడినీ నలభై అయిదేళ్ళ శవాన్నీ చేర్చే వ్యాసం పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. ‘దంతవయో అంచనా’ అని రాసి, పక్కనే దోషపరిమితిని అంకెల్లో ఇవ్వడం తెలుగులో ఏమాత్రం కష్టం కాదు. ‘పదహారుకూ ఇరవైకీ నడుమ’ అనడానికి భాషలో వీలు ఎప్పటినుంచో ఉంది.

మూడో దవడపంటికి వాడుతున్న ‘జ్ఞానదంతం’ కూడా పునరాలోచించదగినదే. కొందరికి ఆ పన్ను పుట్టుకతోనే ఉండదు, మరికొందరికి పీకించి ఉంటారు. అప్పుడు 0.08 అవధితో పనే లేదు. వైద్యుడి నివేదికలో ‘జ్ఞానదంతం లేదు’ అన్న వాక్యం చదివిన గుమాస్తా దాన్ని ‘పద్దెనిమిది నిండలేదు’ అని అర్థం చేసుకోవడానికి ఆ పేరే దారి చూపుతుంది.