పాత కారుతో వచ్చిన పానాలు

కారుతోపాటు కంపెనీ ఇచ్చే పనిముట్ల సంచి ఒకప్పుడు తప్పనిసరి అవసరం. ఉదాహరణకు, ఫోర్డ్ మోడల్ టీ కారు 1908 నుంచి 1927 వరకు తయారైంది. తొలినాళ్లలో అమెరికా పల్లె దారుల్లో మెకానిక్ షెడ్లు అరుదు. టైరు పంక్చరైనా, ప్లగ్గుకు మసి పట్టినా యజమానే దిగి బాగుచేసుకోవాలి. అందుకే జాకీ, గాలి పంపు, ప్లయర్, స్క్రూడ్రైవర్, పానాలు కారుతోనే వచ్చేవి. వాటిలో ఒక పానా ఒక కొస స్పార్క్ ప్లగ్గుకు, రెండో కొస సిలిండర్ హెడ్ బోల్టులకు సరిపోయేది.

కారు చేతులు మారేకొద్దీ ఈ సంచులు ఖాళీ అయ్యాయి. పానా ఇంటి పనులకు పోయింది, జాకీ ఇంకో బండి కిందికి చేరింది. కాబట్టి పూర్తి సెట్టు ఒకేచోట దొరకడం అరుదు. పాత ఇనుము కుప్పల్లో, పాత సామాన్ల సంతల్లో ఒక్కొక్కటే వెతికి కూర్చుకోవాలి.

వెతికేవారికి మొదటి ఆధారం లోహం మీది అచ్చు. కంపెనీ పేరు, సైజు, భాగం సంఖ్య, తయారీదారు గుర్తు చూడాలి. ఒకే కంపెనీ ఏళ్లు మారేకొద్దీ సరఫరాదారులను మార్చేది. అందుకని పేరు సరిపోయినంత మాత్రాన ఆ ఏడాది కారుకు ఆ పానా సరిపోయినట్టు కాదు. ఆనాటి యజమాని పుస్తకంతో, విడిభాగాల జాబితాతో పోల్చి చూశాకే తేల్చాలి.

బ్రిటిష్ కార్ల దగ్గర సైజుల లెక్క మరింత చిక్కు. అక్కడి పాత విట్‌వర్త్ కొలత పానా మీది అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, నోటి వెడల్పును కాదు. పావు అంగుళం అని రాసి ఉన్న పాత పానా నోరు అర అంగుళం పైనే ఉంటుంది. 1945–49 నాటి ఎంజీ టీసీ ఇంజన్‌లో మరలు మెట్రిక్‌వి, బోల్టు తలలు విట్‌వర్త్‌వి. ఆ ఇంజన్ చేసిన మోరిస్ సంస్థ 1923లో కొన్న ఫ్రెంచ్ హాచ్‌కిస్ వారి కోవెంట్రీ ఫ్యాక్టరీ నుంచి ఆ మరలు వారసత్వంగా వచ్చాయి. ఆ కారు సంచిలోని పానాలు ఈ చరిత్రకు సాక్ష్యాలు.

పనిముట్లు పెట్టే చోటు కూడా సెట్టులో భాగమే. జాగ్వార్ మార్క్ సెవెన్‌లో ముందు తలుపుల్లోనే వాటికి అరలుండేవి. మార్క్ టూలో గుండ్రటి పెట్టె స్టెప్నీ చక్రం మధ్యలో ఇమిడేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు జర్మన్ సంస్థ హాజెట్ అలాంటి గుండ్రటి పెట్టెనే అమ్మింది. పెట్టె లేని పానాలు సగం సెట్టే.

దొరికిన వస్తువును మెరిపించాలన్న ఆత్రం పెద్ద ప్రమాదం. తీగ బ్రష్షు మరతో రుద్దితే తుప్పుతోపాటు అసలు పూత, అచ్చు అంచులు కూడా అరిగిపోతాయి. నూనెలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఓపికగా తుడవడం మేలు. కొత్తగా చేసిన నకలు వాడితే తప్పులేదు. కానీ అది నకలేనని రాసి ఉంచడం సేకర్త బాధ్యత.

తెలుగు నేల మీద ఈ పని అంబాసిడర్‌తో మొదలుపెట్టవచ్చు. బ్యాటరీ మొండికేసినప్పుడు బండి ముందు నిలబడి తిప్పిన స్టార్టింగ్ హ్యాండిల్, జాకీ ఇప్పటికీ పాత షెడ్ల మూలల్లో దొరకవచ్చు. దొరికినదానికి అది ఏ ఏడాది కారుదో, ఎక్కడ దొరికిందో చీటీ రాసి కట్టాలి. ఆ వివరం ఉన్నప్పుడే సేకరణ తర్వాతి తరానికి ఉపయోగపడుతుంది.