పరుగుకూ బరువుకూ పొత్తు కుదరదా?

బరువులెత్తువాడు పరుగెత్తరాదనియు, పరుగెత్తినచో కండ కరగిపోవుననియు వ్యాయామశాలలలో ఒక మాట వినబడుచుండును. దీనికి ఆధారముగా తరచు చూపబడునది రాబర్ట్ హిక్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1980లో ప్రకటించిన వ్యాసము. దానిని చదివినవారికంటె పేరు విన్నవారే హెచ్చుగా కనిపింతురు.

హిక్సన్ అభ్యాసకులను మూడు జట్లు చేసెను. మొదటి జట్టు వారమునకు 5 దినములు బరువులెత్తినది. రెండవది 6 దినములు, దినమునకు 40 నిమిషములు సైకిలు త్రొక్కుటయో, పరుగెత్తుటయో చేసినది. మూడవది ఈ రెండును చేసినది. 10 వారములలో తేలినదేమి? మూడవ జట్టువారి కాళ్ల బలము మొదటి ఆరేడు వారములు చక్కగా పెరిగి, పిదప నిలచి, చివరి రెండు వారములలో తగ్గెను. ప్రాణవాయువును గరిష్ఠముగా వినియోగించుకొను శక్తి మాత్రము రెండవ జట్టుకు దీటుగానే పెరిగెను. అనగా పరుగు బరువునకు అడ్డువచ్చినదే కాని, బరువు పరుగునకు రాలేదు.

మెచ్చదగినది వారము వారము బలమును కొలుచుట. మొదట, చివర మాత్రమే కొలిచినచో, తొలి వారములలో రెండును కలిసి పెరిగిన సంగతి మరుగున పడియుండెడిది. చిత్రమేమనగా, వ్యాసమును ఉదాహరించువారు విడిచిపెట్టునది సరిగా ఆ సంగతినే!

లోపమును కలదు. మూడవ జట్టు చేసినది రెండు జట్ల పని. వారమునకు 11 అభ్యాసములు, భారమంతయు మిక్కిలిగా కాళ్లపైననే. బలము తగ్గినది అలసటవలననా, రెండు వ్యాయామముల స్వభావములు ఒకదానికొకటి పడకనా? ఈ ఏర్పాటులో తేల్చుటకు వీలులేదు. మొత్తము పనిని సమానముగా నుంచిన నాలుగవ జట్టు ఒకటి ఉండవలసినది.

కణము లోపలి కారణము తరువాత వెదకబడినది. కండలో శక్తి తరిగినపుడు ఎ.ఎం.పి.కె. అను ఎంజైము చురుకెక్కి, మాంసకృత్తుల నిర్మాణమును ప్రోత్సహించు ఎం.టార్‌ను అణచును. వివరణ ముచ్చటగా నున్నది గాని, మనుష్యుని కండలో లెక్క ఇంత సూటిగా నడువదు. పెక్కు ప్రయోగములను కూర్చి 2022లో వెలువడిన సమీక్షలో, రెండు వ్యాయామములు కలిపి చేసినను కండ పెరుగుదలకు గాని, గరిష్ఠ బలమునకు గాని చెప్పుకోదగిన లోటు కనబడలేదు. దుముకుటవంటి పనులకు కావలసిన మెరుపు బలము మాత్రము కొంత మందగించెను. అదియు ముఖ్యముగా రెండింటిని ఒకే పూట చేసినపుడు.

బడిపిల్లల సంగతి చూడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 5–17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామమును, అందు వారమునకు కనీసము 3 దినములు కండలను, ఎముకలను బలపరచు పనిని సూచించినది. సోమ, బుధ, శుక్రవారములు దండీలు, బస్కీలు. మంగళ, గురు, శనివారములు పరుగు. రెండును ఒకేనాడు తప్పనిసరియైనచో, బలము కోరువాడు ముందు బరువులెత్తి ఆపైన పరుగెత్తవచ్చును. ఇట్టి పట్టికకు హిక్సన్ వ్యాసములో ఆటంకమేమియు లేదు. అది వారమునకు 11 మార్లు శ్రమించినవారి కథ.