ముందు పాదాలు నేలకు ఆనాలి

నా దగ్గరికి వచ్చినవాళ్లను మొదటిరోజే "అసలేం జరిగింది?" అని అడగను. కౌన్సెలింగ్ అంటే కడుపులో ఉన్నదంతా కక్కించడమేనని చాలామంది అనుకుంటారు. ప్రమాదం నుంచో, హింస నుంచో బయటపడ్డ మనిషి దగ్గర ఆ తొందర పనికిరాదు. నోరు చెబుతుంటే ఒళ్లు దాన్నంతా మళ్లీ అనుభవిస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి, గొంతు పూడుకుపోతుంది. కొందరైతే మన ఎదురుగానే కూర్చుని ఎటో వెళ్లిపోతారు.

బస్సు ప్రమాదంలో ప్రాణాలతో బయటపడ్డ ఒకావిడ వచ్చేవారు. గాయాలు మానాయి. కానీ రోడ్డు మీద బ్రేకు కీచుమంటే చాలు, భుజాలు బిగుసుకుని చెవులదాకా లేచేవి. "భయపడాల్సిందేం లేదని నాకు తెలుసు మేడమ్, ఒళ్లే మాట వినదు" అనేవారు. ఉన్నమాటే అది. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ఆలోచన మొదలయ్యేలోపే ఒంటిని పరుగుకో పోరాటానికో సిద్ధం చేసేస్తుంది. ఆ క్షణంలో ధైర్యవచనాలు చెవికెక్కవు.

"కళ్లు తెరిచే ఉంచండమ్మా. పాదాలు నేలకు ఆనించండి. మడమలు తగులుతున్నాయా? గచ్చు చల్లగా ఉందా?" అని అడిగాను. గదిలో కనబడేవి చెప్పమన్నాను. ఫ్యాను, క్యాలెండరు, కిటికీ ఊచలు అంటూ ఒక్కొక్కటీ చెప్పారు. భుజాలు కాస్త దిగాయి, పెద్ద నిట్టూర్పు వచ్చింది. "ఆపేద్దామా, ఇంకాసేపు చూద్దామా?" అన్నాను. ఆ ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. ఆ ప్రమాదం ఆమె ఇష్టాయిష్టాలను అడగలేదు. తన ఒంటి మీద తన మాటే చెల్లుతుందని ఆమెకు మళ్లీ తెలియాలి. ఊపిరి మీద దృష్టి పెడితే కొందరికి ఆందోళన పెరుగుతుంది. అలాంటివాళ్లకు కుర్చీ చేతిని పట్టుకోవడం చాలు.

కోలుకోవడంలో భద్రత మొదటిదని, గతాన్ని తలుచుకుని దుఃఖించడం ఆ తర్వాతదని, నలుగురిలో మళ్లీ కలవడం మూడోదని మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాశారు. మానసిక వైద్యుడు బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, భయానక ఘటనల తర్వాత వెంటాడే, చికిత్సకు లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది మహిళలు పాల్గొన్నారు. వాళ్లలో పది వారాలు యోగా చేసినవాళ్లలో 52 శాతం మందికి ఆ నిర్ధారణ వర్తించలేదు. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న బృందంలో అది 21 శాతం. చిన్న అధ్యయనమే అయినా, మాటతోపాటు ఒంటినీ పట్టించుకోవాలన్న నమ్మకాన్ని అది నాలో గట్టిపరిచింది.

అలాగని దీన్ని అన్నిటికీ మందు అనను. కొట్టే మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే, ఆ మహిళ ఒళ్లు భయపడటం సబబే. అక్కడ శ్వాస పాఠాలు చెప్పడం అన్యాయం. ముందు ఆమెకు రక్షణ కావాలి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సాయం అందుతుంది. నిద్ర పట్టనప్పుడు, చనిపోవాలనిపిస్తున్నప్పుడు సైకియాట్రిస్టును కలవాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

ఇంట్లోవాళ్లకు ఒక్క విన్నపం. "అయిందేదో అయింది, మర్చిపో" అనకండి. గుచ్చిగుచ్చి అడగనూ వద్దు. పక్కన కూర్చోండి, అన్నం తిన్నారేమో చూడండి, ముట్టుకునే ముందు అడగండి. ఒంటికి నమ్మకం కుదిరాక మాట దానంతటదే వస్తుంది. వచ్చినప్పుడు వినడానికి మనం ఉండాలి.