పేర్లు చెప్పారు, గుట్టు విప్పలేదు

రోమన్లు రహస్యంగా కొలిచిన దేవుడు మిత్రాస్. అతని గుడి అనగానే తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది ఎద్దు. కొన ముందుకు వంగిన టోపీ పెట్టుకున్న ఈ కుర్ర దేవుడు ఎద్దు వీపు మీద మోకాలు ఆనించి, ముట్టె పట్టుకుని తల వెనక్కి లాగి, కత్తి దించుతుంటాడు. ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంటాడు. కుక్కా పామూ గాయం మీదికి ఎగబడతాయి. తేలు కింది నుంచి పట్టుకుంటుంది. తోక చివర గోధుమ కంకులు మొలుస్తాయి. రోమన్ సామ్రాజ్యంలో బ్రిటన్ నుంచి సిరియా దాకా దాదాపు ఇదే శిల్పం. దాని భావం ఏమిటో ఆ భక్తులు రాసిన వివరణ ఒక్కటీ మనదాకా రాలేదు. నూరేళ్లు దాటినా పండితుల వాదన తెగలేదు. నన్నడిగితే ఆ శిల్పాన్ని కాసేపు పక్కన పెట్టి, దాని ముందున్న అరుగుల్ని చూడాలంటాను.

రోమ్‌లో సాన్ క్లెమెంటే అనే చర్చి ఉంది. పైన కనిపించేది 12వ శతాబ్దపు కట్టడం. దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ గోడలు, వాటి మధ్య మిత్రాస్ గుడి. జోసెఫ్ ముల్లూలీ అనే ఐరిష్ ఫాదర్ 1857లో తవ్వకం మొదలుపెట్టాకే ఇవన్నీ బయటపడ్డాయి. మెట్లు దిగుతుంటే చెమ్మ ఒంటికి తగులుతుంది. కిందెక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. నేను ఊహించుకున్నది పెద్ద మందిరం. తీరా చూస్తే గుహలా వంపు తిరిగిన కప్పుతో చిన్న గది. రెండు గోడల వెంటా రాతి అరుగులు, నడుమ సన్నటి దారి. మన పంక్తి భోజనాల్లో రెండు వరుసల మధ్య వడ్డించేవాళ్లు తిరిగే చోటు గుర్తొచ్చింది. నిజంగానే అది భోజనాల గది. భక్తులు ఆ అరుగుల మీద ఒరిగి, ఎదురెదురుగా తినేవాళ్లు.

ఏ దేశంలో తవ్వినా ఇదే పద్ధతి. చాలా గుడుల్లో ముప్పై, నలభై మందికి మించి పట్టరు. ఒక్క ఓస్టియా రేవు పట్టణంలోనే పదిహేనుకు పైగా బయటపడ్డాయి. మంది పెరిగితే పెద్ద గుడి కట్టే బదులు ఇంకో చిన్న గది చూసుకున్నారన్నమాట. ఈ మతం గురించి నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది. పక్కవాడి ముఖం కనిపించనంత పెద్ద గుంపు వాళ్లకు అక్కర్లేదు.

చీకటిని కూడా పనిమంతుల్లా వాడుకున్నారు. ఇంగ్లండ్ ఉత్తరాన హేడ్రియన్ గోడ పక్కన, కారోబరో అనే చోట, సైనికులు కట్టుకున్న చిన్న గుడి ఒకటి ఉంది. 1950లో తవ్వారు. అందులో ఒక బలిపీఠం మీద దేవుడి తల చుట్టూ సూర్యకిరణాలు ఉన్నాయి. అవి చెక్కిన గీతలు కావు, రాయికి అవతలి దాకా తొలిచిన రంధ్రాలు. వెనక రాయిని గుల్ల చేసి దీపం పెట్టే చోటు ఉంచారు. కిటికీ లేని గదిలో ఆ దీపం వెలిగిస్తే దేవుడి తల చుట్టూ కిరణాలు లేస్తాయి. ఆ ఉలి పట్టిన శిల్పి పేరు తెలియదు గానీ, ఎంత ఆలోచన చేశాడు!

ఇంత రహస్యం పాటించినవాళ్లు తమ పేర్లు దాచుకోలేదు. ఇప్పటి ఆస్ట్రియాలో ఉన్న విరునుమ్ పట్టణంలో ఒక కంచు ఫలకం దొరికింది. కూలిన గుడిని సొంత ఖర్చుతో మళ్లీ కట్టించిన 34 మంది పేర్లు దాని మీద ముందుగా ఉన్నాయి. క్రీ.శ. 184 జూన్ 26న, మరణాల కారణంగా సమావేశమైనట్టు కూడా అందులోనే రాశారు. ఐదు పేర్ల పక్కన చనిపోయినట్టు గుర్తులున్నాయి. సామ్రాజ్యమంతా మహమ్మారి తిరుగుతున్న రోజులవి. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్ల పేర్లు కలుపుతూ పోయారు. 201 నాటికి మొత్తం 98 పేర్లు. ఐదుగురు పోయినా కూటమి చెదరలేదు. ఎవరెవరు సభ్యులో ఊరికి తెలిసే ఉంటుంది. లోపల ఏం పలికేవారో మాత్రం ఈనాటికీ పెద్దగా బయటికి రాలేదు.

సైనికులు, సుంకం వసూలు చేసే ఉద్యోగులు, బానిసలు, విడుదలైన బానిసలు ఒకే అరుగు మీద కూర్చున్నారు. ‘కాకి’ అనే మొదటి మెట్టు నుంచి ‘తండ్రి’ అనే చివరి మెట్టు దాకా ఏడు అంతస్తుల దీక్ష. ఆడవాళ్లకు చోటున్నట్టు ఆధారం లేదు. అంత మంచి కూటమికి అది పెద్ద వెలితేనని నా అభిప్రాయం.

మిత్రాస్ పేరు వింటే మనకు తెలిసిన మిత్రుడు గుర్తొస్తాడు. ఋగ్వేదంలో వరుణుడికి జంట దేవుడు, సూర్యనమస్కారాల్లో మొదటి నామం. ఈ మిత్రుడూ, ఇరానీయుల మిథ్రా ఒకే మూలం నుంచి వచ్చినవాళ్లే. అంతమాత్రాన రోమ్ గుహల్లో మన పూజ జరిగిందనుకోవడం తప్పు. పేరు తూర్పుది. గుహ, భోజనం, దీక్షా క్రమం చాలావరకు రోమన్ల సొంత కల్పనేనని నేటి చరిత్రకారుల్లో ఎక్కువ మంది మాట.

మళ్లీ భోజనాల సంగతికి వస్తే, బెల్జియంలోని టీనెన్‌లో మిత్రాస్ గుడి పక్క గోతుల్లో ఎంగిలి ఎముకలు దొరికాయి. 3వ శతాబ్దంలో ఒక్క విందుకు రెండొందలకు పైగా కోళ్లు, పంది పిల్లలు, గొర్రె పిల్లలు కోశారు. ఆ పిల్లల వయసును బట్టి విందు జూన్ చివర, జూలై మొదట్లో జరిగిందని లెక్కగట్టారు. ఆ చిన్న గదిలో పట్టే జనం కారు వాళ్లు. గుడి బయట, ఎండాకాలపు వెలుతురులో, అందరికీ కనబడేలా తిని ఉంటారు. ఎప్పుడూ నేల కింద దాక్కునే మనుషులని వాళ్లకు వేసిన ముద్ర చెరిపేయడానికి ఈ కోడి ఎముకలు చాలు. ఒక్కో ఎముకనూ కడిగి, ఏరి, లెక్కపెట్టిన పరిశోధకులకు మనం రుణపడి ఉన్నాం.

రోమ్ వెళ్లే తెలుగువాళ్లు కొలోసియం ముందు ఫొటో దిగి బస్సెక్కేస్తున్నారు. సాన్ క్లెమెంటే అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఈసారి వెళ్తే ఒక గంట అట్టేపెట్టుకోండి. కిందికంటా దిగండి.