అరువు యాస, సొంత యాస: బ్రిటన్‌లో పుట్టిన వలస సంతానం – రెండు నవలల పరిశీలన

వ్యాససంగ్రహం:
బ్రిటన్‌లో పుట్టి పెరిగిన వలస కుటుంబాల పిల్లలను ‘రెండు సంస్కృతుల మధ్య నలిగిన తరం’గా వర్ణించడం విమర్శలో పరిపాటి. హనీఫ్ కురేషీ ‘ది బుద్ధ ఆఫ్ సబర్బియా’ (1990), మీరా సయాల్ ‘అనితా అండ్ మీ’ (1996) నవలల్లో యాసకున్న పాత్రను ఆధారం చేసుకొని, ఈ వర్ణన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వలస, రెండవ తరం, జాతీయత, యాస, డయాస్పోరా నవల.

1. ఉపోద్ఘాతం:
పౌరసత్వాన్ని చట్టం ఇస్తుంది. ‘మనవాడు’ అన్న గుర్తింపును మాత్రం సమాజమే ఇవ్వాలి. 1948 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ప్రకారం ఆ దేశంలో పుట్టిన బిడ్డకు, స్వల్ప మినహాయింపులతో, పుట్టుకతోనే పౌరసత్వం లభించేది. అయితే 1968 నవంబరులో ఈస్ట్‌బోర్న్‌లో చేసిన ప్రసంగంలో ఈనాక్ పావెల్, ఆసియా, వెస్టిండియన్ సంతతివారు ఇంగ్లండులో పుట్టినంత మాత్రాన ఆంగ్లేయులు కారని, చట్టరీత్యా మాత్రమే పౌరులవుతారని వాదించాడు. 1981 నాటి చట్టం 1983 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాక, పుట్టిన చోటు ఒక్కటే పౌరసత్వానికి చాలకుండా పోయింది. తల్లిదండ్రులలో ఒకరైనా పౌరులో స్థిరనివాసులో అయి ఉండాలన్న నియమం చేరింది.

ఈ రెండు నవలల కథాకాలం 1960, 1970 దశకాలు. కథానాయకులిద్దరూ చట్టం దృష్టిలో పుట్టుకతోనే పౌరులు. మరి వారికి లోటు ఎక్కడ ఏర్పడింది?

2. ఊరు నేర్పిన యాస:
‘అనితా అండ్ మీ’ నవలలోని టాలింగ్టన్, వుల్వర్‌హాంప్టన్ సమీపంలోని కల్పిత గని గ్రామం. వుల్వర్‌హాంప్టన్ నైరుతి నియోజకవర్గానికి అప్పట్లో పావెలే పార్లమెంటు సభ్యుడు. సయాల్ పెరిగింది కూడా ఆ ప్రాంతంలోనే.

పంజాబీ దంపతుల కుమార్తె మీనా, ఊరి పిల్లలతో కలిసి తిరుగుతూ వారి యాసలోనే మాట్లాడుతుంది. బిడ్డ చక్కని ఆంగ్లం మాట్లాడాలని కోరుకొనే తల్లికి ఆ మోటు యాస నచ్చదు. ఇక్కడ తల్లీబిడ్డల వైరుధ్యం పంజాబీకి, ఆంగ్లానికి మధ్య కాదు. విద్యావంతుల ఆంగ్లానికి, శ్రామికుల ఆంగ్లానికి మధ్య. సంస్కృతుల సంఘర్షణ అని మనం తొందరపడి పేరుపెట్టే చోట రచయిత్రి వర్గభేదాన్ని చూపింది.

ఊరి వేడుకలో సామ్ లోబ్రిడ్జ్ నల్లజాతులపై బహిరంగంగా ద్వేషం వెళ్లగక్కినప్పుడు మీనా నిర్ఘాంతపోతుంది. తన మాటలు ఆమెను ఉద్దేశించినవి కావని అతడు తరువాత సంజాయిషీ చెబుతాడు. అతడు నిందించిన ఆ ‘ఇతరులు’ తానేనన్నది మీనా సమాధానం. యాస ఆమెను ఊరిలో కలిపింది. ఆ కలయికను మినహాయింపుగా మాత్రమే చూడగలగడం సామ్ పరిమితి.

3. రంగస్థలం కోరిన యాస:
కురేషీ నవలలో కరీమ్ తండ్రి భారతీయుడు, తల్లి ఆంగ్లేయురాలు. లండన్ శివారులో పెరిగిన కరీమ్ నటుడు కావాలనుకుంటాడు. అతనికి దక్కిన వేషం ‘జంగిల్ బుక్’ నాటకంలోని మౌగ్లీ. దర్శకుడు షాడ్వెల్ అతని ఒంటికి గోధుమరంగు పూయిస్తాడు. భారతీయ యాసలో మాట్లాడమంటాడు. భారతదేశమే చూడని యువకుడు తనకు లేని యాసను అరువు తెచ్చుకొంటేనే ‘అసలైన’ భారతీయుడిగా ఆమోదం పొందుతాడు. మీనా విషయంలో ఉన్న యాస చాలలేదు. కరీమ్ విషయంలో లేని యాస అవసరమైంది. ఇద్దరి విషయంలోనూ వారి మాట కంటే ముందు చర్మాన్నే విన్నారు.

కరీమ్‌ను కేవలం బాధితుడిగా రచయిత నిలపలేదు. ఆ వేషంతోనే అతడు రంగస్థలంపై ఎదుగుతాడు. అతని చిన్ననాటి స్నేహితురాలు జమీలా ఆ ప్రదర్శనను నిర్మొహమాటంగా తప్పుపడుతుంది. ఆమోదం కోసం చెల్లించిన మూల్యాన్ని ఆ తరంవారే ప్రశ్నించుకోవడం నవలకు బలం.

4. ఒక ఆక్షేపణ:
ఇంటిలోపలి ఘర్షణ మాటేమిటని అడగవచ్చు. తాను చూసిన సంబంధానికి జమీలాను ఒప్పించడానికి తండ్రి అన్వర్ నిరాహారదీక్షకు దిగుతాడు. ఈ ఘట్టం ‘నలిగిన తరం’ వాదానికి అనుకూలంగా కనిపిస్తుంది. అయితే పెళ్లికి తలవంచిన జమీలా ఆ దాంపత్యాన్ని తన షరతుల మీదే నడుపుతుంది. ఆమె ఎదిరించింది పితృస్వామ్యాన్ని. భారతీయతను వదిలి ఆంగ్లత్వాన్ని ఆశ్రయించలేదు. అలాగే మీనాకు అమ్మమ్మ రాకతో భారతదేశంపై ఆసక్తి కలుగుతుంది. అది పోగొట్టుకొన్నదాని కోసం బెంగ కాదు, కొత్తగా తెలుసుకొంటున్నదాని పట్ల కుతూహలం. కాబట్టి ఇంటి ఘర్షణలు వాస్తవమే అయినా, జాతీయత ప్రశ్నకు అవి మూలకారణం కావు. చీలిక పిల్లల మనసులో కంటే ‘ఆంగ్లేయుడు’ అన్న మాటకు సమాజం ఇచ్చుకొన్న నిర్వచనంలోనే ముందుగా ఉంది.

5. ముగింపు:
ఈ పరిశీలన తెలుగు విమర్శ పరిభాషకు కూడా వర్తిస్తుంది. ‘ప్రవాసం’ అన్న పదంలోనే సొంత ఊరిని విడిచి వెళ్లడం ఉంది. వెళ్లినవారి తరానికి అది సరిపోతుంది. అక్కడే పుట్టినవారు ఎక్కడినుంచీ వెళ్లలేదు. వారి రచనలలో మాతృభూమి స్మృతి ఎంత ఉందో కొలిచి, తక్కువైతే ‘మూలాలు మరిచారు’ అని, ఎక్కువైతే ‘మూలాలు నిలుపుకొన్నారు’ అని తీర్పు చెప్పడం సరికాదు. విదేశాలలో పుట్టిన తెలుగు కుటుంబాల పిల్లలు రాసే సాహిత్యాన్ని రేపు మనం చదవవలసి ఉంటుంది. వారి నుంచి మనం ఎదురుచూసే ‘తెలుగుదనం’, షాడ్వెల్ కరీమ్‌ను అడిగిన యాస వంటిది కాకూడదు. వారు ఏ ఊరి మాటలో రాస్తే ఆ ఊరివారుగా వారిని చదవడం విమర్శకుని తొలి బాధ్యత.