కోట లేని రాజు

ఉత్తరాల్లో నడిచే నవలలు మనకి కొత్తకాదు. ఉత్తరాల్లో నడిచే చదరంగం కూడా ఉందండీ! ఎత్తుని కార్డుమీద రాసి పోస్టులో వెయ్యడం, అది సముద్రాలు దాటి జవాబు తెచ్చేదాకా కాచుకోవడం. ఆలోచించుకోడానికి రోజులుంటాయి, పుస్తకాలూ తిరగెయ్యొచ్చు. తొందరలో తప్పాడానని తప్పించుకోడానికి మాత్రం వీల్లేదు.

అలాంటి ఆటల్లో పేరుమోసింది ఎస్ట్రిన్, బెర్లినర్ల ఆట. 1965లో మొదలై 1968లో ముగిసిన ఐదవ ప్రపంచ పోటీలోది. తెల్లబలగం సోవియట్ ఆటగాడు యాకొవ్ ఎస్ట్రిన్‌ది. నల్లబలగం హాన్స్ బెర్లినర్‌ది. ఆయన జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. ఆట ‘రెండు గుర్రాల రక్షణ’ అనే ప్రారంభంతో మొదలైంది. ఎస్ట్రిన్ దానిమీద పుస్తకమే రాసిన దిట్ట. పాఠం రాసిన మేష్టారికే పాఠం అప్పజెప్పడానికి నిలబడ్డాడన్నమాట బెర్లినర్!

పదో ఎత్తు దగ్గర నల్లబలగంలో రెండు ఒకేసారి తెల్లబంట్ల నోట చిక్కాయి. బెర్లినర్ రెండింటినీ అలాగే వదిలేసి, ఓ బంటుని ఒక్క గడి ముందుకి జరిపాడు. గుర్రం పోయింది. ఆపైన రాజుని కదిపి కోట కట్టుకునే హక్కూ వదులుకున్నాడు. తెలిసినవాళ్ళంతా ‘ఆహా’ అనేది ఆ బంటు ఎత్తుకే.

నాకు మాత్రం అది పెళ్ళిపందిరి సందడిలా అనిపిస్తుంది. 28వ ఎత్తుకి మంత్రులిద్దరూ పోయారు. చెరో ఏనుగూ, కాసిని బంట్లూ మిగిలాయి. అంత హడావిడీ చేసి బెర్లినర్ మిగుల్చుకున్నది ఒక్క బంటు ఆధిక్యం! అసలు కాపురం అక్కణ్ణుంచే మొదలు. ఒక బంటుని పోనిచ్చి ఏనుగుకి దారి చేసుకున్నాడు. కోట లేని ఆ రాజే ఒక్కో గడీ నడుస్తూ, ఆరడుగుల్లో శత్రువు పెరట్లోకి వెళ్ళి తన బంటుకి తోడు నిలబడ్డాడు. 42వ ఎత్తుకి ఆ బంటు మంత్రి కావడానికి రెండే గళ్ళు. ఎస్ట్రిన్ ఓటమి ఒప్పుకున్నాడు.

బెర్లినర్ ఆ పోటీలో విజేత అయ్యాడు. ఎస్ట్రిన్ కూడా తర్వాత 1970లలో ఉత్తరాల చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు. ఇవాళ ఏ ఎత్తు మంచిదో కంప్యూటరు చిటికెలో చెప్పేస్తుంది. చదరంగమాడే కంప్యూటర్లు తయారుచేసినవాళ్ళలో బెర్లినర్ కూడా ఒకడే! కానీ ఉన్నదాంతో, ఓపికతో నెట్టుకురావడం ఎంత పెద్ద విద్యో ఈ ఆట చూపించినట్టు ఏ యంత్రం చూపిస్తుంది?

ఇంట్లో చదరంగం బల్ల ఉంటే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 28వ ఎత్తునుంచి ఆడి చూడండి. ఆ రాజు నడక మీకూ నచ్చుతుంది.