అభిరుచికి కొలపాత్ర

బడిపిల్లల కళాభిరుచిని అంకెలతో కొలిచి, ఈ జాతివారి కింత, ఆ జాతివారి కింత యని పట్టికలు గట్టు పద్ధతి పాశ్చాత్యదేశములలో ప్రబలియున్నది. కొలుచుటయే దోషమని మే మనము. కొలువనిదే లోపము తెలియదు. కాని కొలుచు పాత్ర యెవ్వరి యింటిదో ముందుగా విచారింపవలదా?

1932లో రెన్సిస్ లైకర్టు అను మనశ్శాస్త్రజ్ఞుడు మనోభావములను కొలుచుట కొక సులభోపాయమును ప్రకటించెను. ఒక వాక్యము నిచ్చి, దానికి ఎంతవరకు సమ్మతింతువని యడిగి, ఉత్తరమునకు ఒకటి మొదలు అయిదువరకు అంకెలు వేయుటయే యది. బడిపిల్లల యభిరుచులను గూడ నీ త్రాసుననే తూచుచున్నారు. “చిత్రలేఖనపు తరగతి నా కిష్టము” అను వాక్యమునకు బాలుడు కాదనినచో, వానికి కిట్టనిది చిత్రకళయా, ఆ తరగతియా, ఉపాధ్యాయుడా? అంకె యీ మర్మమును చెప్పజాలదు.

అమెరికాలో 2008లో ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులను సుమారు 7,900 మందిని, కొందరిని సంగీతమునను, తక్కినవారిని చిత్రకళలయందును పరీక్షించిరి. సంగీతమున సగటున తెల్లవారికి 161, ఆసియా పసిఫిక్ ద్వీపములవారికి 159, నల్లజాతివారికి 130, హిస్పానికులకు 129 వచ్చెను. ఈ యంకెలు అబద్ధములు కావు. వానినుండి తీయు నర్థమే తరచుగా నబద్ధమగుచున్నది. ఆ పరీక్ష కొలిచినది తెలివిని, ప్రీతిని గాదు. స్వరలిపిలోని ఫెర్మాటా యను గుర్తు పేరు చెప్పగలిగినవారు మొత్తముమీద నూటికి 20 మందియే. చర్చిలో తల్లిప్రక్కన నిలిచి, చెవితో విని, గొంతుతో నేర్చిన బాలిక కా గుర్తుతో నేమి పని? బ్లూసును, జాజును లోకమున కిచ్చిన జాతి బిడ్డలకు సంగీతాసక్తి కొఱతయని యెవ్వరైన ననినచో, అది పాలను మూరకోలతో కొలిచినట్లే యగును.

మఱియొక మాట. ఆసియావారను నొక్క గదిలోనే చీనా, కొరియా, వియత్నాము బిడ్డలతోపాటు అచ్చటి తెలుగుబిడ్డలును ఇమిడిరి. ఇంటియొద్ద కూచిపూడియో, త్యాగరాజకృతులో అభ్యసించు బాలిక విద్య యా సగటులో నెచ్చట గనబడును?

అట్లని యంకెలను పారవైచుటయు వివేకము గాదు. పేదపిల్లల మార్కులు తక్కువగా నుండుటను ఆ పరీక్షయే తెలిపినది. తరగతితో గూడ చిత్రశాలలకు పోయిన పిల్లలు 1997లో నూటికి 22 మంది యుండగా 2008 నాటికి 16 మందికి తగ్గిరనియు తెలిపినది. ఇవి జాతిగుణములు కావు. విద్యాధికారులు తీర్పదగిన లోపములు. అంకెల నీ పనికి వాడినచో వానికంటె మేలైన సాధనము లేదు.

కావున ప్రశ్నలను గూర్చువారు ముందుగా నాయా సంఘములవారి యిండ్లకు బోయి, అచ్చట కళయనగా నేమియో విని రావలయును. “నీకు కళ లిష్టమా?” యని కాక, “నీ వేమి పాడుదువు? ఎవ్వరివద్ద నేర్చితివి?” యని బిడ్డ నడుగవలయును. ఆ యుత్తరములు చెవిని బెట్టిన పిమ్మటనే అంకెలు వేయుట న్యాయమని మా యభిప్రాయము.